శార్వరి ఏడాది ఎలా గడిచింది? ఇల్లు, కాలాలు, ఆటల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

కరోనా వచ్చినప్పుడు ఒకటో తరగతిలో ఉన్న పిల్లలు ఇప్పుడు హైస్కూలుకు వచ్చేశారు. నేను ఖమ్మంలో పిల్లలకు ఆటలు నేర్పే పీఈటీని. డ్రిల్లు అయ్యాక చెట్టు కింద కూర్చున్నప్పుడు వాళ్లు ఆ ఏడాది గురించి అడుగుతూనే ఉంటారు. మాస్కు, శానిటైజరు, ఫోన్లో పాఠం తప్ప వాళ్లకు పెద్దగా ఏమీ గుర్తు లేదు. పిల్లలు అడిగినవీ, వాళ్ల అమ్మానాన్నలు అడిగినవీ కలిపి ఇక్కడ రాశాను. జబ్బు గురించి, మందుల గురించి డాక్టర్లు చెప్పాలి. నేను చెప్పగలిగేది ఇంటి గురించి, పంటల గురించి, పండుగల గురించి, అన్నిటికన్నా ఎక్కువగా ఆటల గురించి.

"ఆ ఏడాది" అంటే ఎప్పటి నుంచి ఎప్పటి వరకు?

నా లెక్కలో ఉగాది నుంచి ఉగాది వరకు. 2020 మార్చి 25న శార్వరి నామ సంవత్సరం మొదలైంది. దేశమంతటా లాక్‌డౌన్ మొదలైందీ ఆ రోజే. ముందు రోజు రాత్రి 8 గంటలకు ప్రధాని టీవీలో చెప్పారు, అర్ధరాత్రి నుంచి అమల్లోకి వచ్చింది. శార్వరి 2021 ఏప్రిల్ 12తో ముగిసింది. మధ్యలో అధిక ఆశ్వయుజం రావడంతో అది 13 నెలల ఏడాది అయింది.

దానికి కొద్ది వారాల ముందు, ఫిబ్రవరి 5 నుంచి 8 వరకు, మేడారం జాతరలో లక్షల మంది జంపన్న వాగులో స్నానాలు చేసి వచ్చారు. మార్చి 2న తెలంగాణలో తొలి కేసు బయటపడింది, 12న నెల్లూరులో ఆంధ్రప్రదేశ్ తొలి కేసు. మార్చి 22న జనతా కర్ఫ్యూ. సాయంత్రం 5 గంటలకు గుమ్మాల్లో నిలబడి చప్పట్లు కొట్టాం, పళ్లేలు మోగించాం. ఆ ఒక్క రోజుతో సరిపోతుందని చాలామంది అనుకున్నారు.

రెండో అల విరుచుకుపడింది తర్వాతి ప్లవ ఏడాదిలో. దాని దుఃఖం వేరు. ఇక్కడ దాని జోలికి వెళ్లడం లేదు.

ఆ ఉగాదికి పచ్చడి చేసుకున్నారా?

చేసుకున్నాం. మామూలుగా పండుగ ముందు రోజు గాంధీచౌక్ వైపు వేపపువ్వు, మామిడాకులు కుప్పలు పోసి అమ్ముతారు. ఆ ఏడాది వీధిలో ఎవరింట్లో వేపచెట్టు ఉంటే వాళ్లే గోడ మీదుగా రెమ్మలు అందించారు. మామిడికాయ ఒకటి దొరికితే రెండిళ్లు పంచుకున్నాయి. పంచాంగ శ్రవణం టీవీలో విన్నాం.

అందరూ ఇళ్లలో లేరు. హైదరాబాద్ హాస్టళ్లు ఖాళీ చేయమనేసరికి కుర్రాళ్లు, ఆడపిల్లలు పోలీసుల దగ్గర అనుమతి పత్రాలు తీసుకుని బైకుల మీద, కార్లలో ఆంధ్రకు బయల్దేరారు. జగ్గయ్యపేట దగ్గర గరికపాడు చెక్‌పోస్టులో వాళ్లను ఆపేశారు. ఒక రాష్ట్రం వెళ్లమన్నది, ఇంకో రాష్ట్రం క్వారంటైన్ లేకుండా రానివ్వనన్నది. పండుగ పూట వందల మంది పిల్లలు జాతీయ రహదారి మీద ఎండలో నిలబడ్డారు. ఆ చుట్టుపక్కల ఊళ్లవాళ్లు అన్నం పొట్లాలు, నీళ్లు తెచ్చి ఇచ్చారు. వాళ్లకు నేను ఇప్పటికీ మనసులో దండం పెట్టుకుంటాను.

లాక్‌డౌన్‌లో రోజు ఎలా గడిచేది?

పొద్దున కొన్ని గంటలు మాత్రమే బయటికి వెళ్లనిచ్చేవారు. చాలా ఊళ్లలో కూరగాయల సంతను ఆట మైదానాల్లోకి మార్చారు. నేను పరుగు పందేలకు లైన్లు గీసే సున్నం పొడితోనే మనుషులు నిలబడటానికి వలయాలు గీశారు. ఒక వలయంలో ఒక మనిషి, చేతిలో సంచి, ముఖానికి చేతిరుమాలు. మొదట్లో మాస్కులు దొరకలేదు. ఇంట్లో కుట్టుమిషను ఉన్న ఆడవాళ్లు జాకెట్టు ముక్కలతో కుట్టి వీధంతా పంచారు. తర్వాత మహిళా సంఘాలకు అదే ఉపాధి అయింది.

మంగలి షాపులు లేవు. నాన్నలే పిల్లలకు జుట్టు కత్తిరించారు. కషాయం పొయ్యి మీంచి దిగేది కాదు: మిరియాలు, అల్లం, తులసి, పసుపు. మార్చి 28 నుంచి దూరదర్శన్‌లో పాత రామాయణం మళ్లీ వేశారు, ముసలివాళ్లు దానికోసం స్నానాలు చేసి కూర్చునేవారు. ఏప్రిల్ 5 రాత్రి 9 గంటలకు 9 నిమిషాలు దీపాలు పెట్టాం.

ఆవకాయ గురించి తప్పకుండా చెప్పాలి. ప్రతి వేసవిలో మార్కెట్ దగ్గర కత్తిపీటలు వేసుకుని మామిడికాయలు ముక్కలు కొట్టి ఇచ్చేవాళ్లు ఉంటారు. టెంకతో సహా ఒక్క వేటుకు చీల్చడం వాళ్ల చేతికే వస్తుంది. ఆ ఏడాది వాళ్లు లేరు. పెద్ద కత్తిపీట ఉన్న ఇంటికి వీధి మొత్తం కాయలు మోసుకెళ్లింది. ముక్కలు సరిగ్గా తెగక జీడి దగ్గర నలిగిపోయాయి. అయినా జాడీలు నిండాయి. ఆ ముక్కలు కొట్టేవాళ్లు మే నెలలో సంపాదించే డబ్బుతో జూన్‌లో పిల్లలకు పుస్తకాలు కొంటారు. జాడీ నిండిన ఇళ్లలో ఈ సంగతి ఎంతమందికి తట్టిందో.

పొలం పనులు కూడా ఆగాయా?

ఆగలేదు, ఆగడానికి వీల్లేదు కూడా. మార్చి చివరంటే యాసంగి వరి పాలు పోసుకుని గట్టిపడే సమయం. ఏప్రిల్‌లో కోతలు. తెలంగాణ ప్రభుత్వం ఊళ్లోనే కొనుగోలు కేంద్రాలు పెట్టి టోకెన్లు ఇచ్చి వడ్లు కొన్నది. గోనె సంచులు చాలక, లారీలు రాక, కల్లాల్లో వడ్ల కుప్పల మీద టార్పాలిన్లు కప్పి రైతులు రోజుల తరబడి కాపలా పడుకున్నారు. అకాల వర్షం పడ్డప్పుడు మొలకలొచ్చాయి.

మిర్చి సంగతి ఇంకా కష్టం. మా ఖమ్మం, ములుగు, భూపాలపల్లి వైపు మిరపకాయలు ఏరడానికి ఏటా ఛత్తీస్‌గఢ్ నుంచి ఆదివాసీ కూలీలు కుటుంబాలతో వస్తారు. లాక్‌డౌన్ పడేసరికి వాళ్లకు పనీ లేదు, బస్సూ లేదు. గుంపులుగా అడవి దారిన నడిచారు. ములుగు జిల్లా మిరప తోటల నుంచి బయల్దేరిన 12 ఏళ్ల పాప మూడు రోజులు నడిచి, బీజాపూర్ జిల్లాలో తన ఊరు ఇంకొంచెం దూరం ఉందనగా ఏప్రిల్ 18న ప్రాణం విడిచింది. నా ఏడో తరగతి పిల్లల వయసు. ఆ ఏడాది గురించి ఎవరు ఏం అడిగినా నాకు మొదట గుర్తొచ్చేది ఆ పాపే.

మామిడి కూడా చిక్కుల్లో పడింది. హైదరాబాద్ గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్లో రద్దీ ఎక్కువని మామిడి అమ్మకాలను కోహెడకు మార్చారు. మే మొదట్లో గాలివాన వచ్చి అక్కడి షెడ్లు కూలాయి, మనుషులకు దెబ్బలు తగిలాయి. మరోవైపు ఉద్యాన శాఖ, తపాలా శాఖ కలిసి మామిడి పెట్టెలను ఇళ్లకే పంపించాయి. ఉత్తరాలు తెచ్చే పోస్ట్‌మాన్ బంగినపల్లి పళ్లు తెచ్చాడు.

ఎక్కడివాళ్లు ఎక్కడ చిక్కుకుపోయారు?

గుజరాత్‌లోని వెరావల్ రేవులో మన శ్రీకాకుళం, విజయనగరం మత్స్యకారులు వేల మంది పడవల మీదే ఉండిపోయారు. చేపల వేటకు నెలల తరబడి వెళ్లే మనుషులు వాళ్లు. ఏప్రిల్ చివర్లో బస్సులు పెట్టి దేశం ఈ కొస నుంచి ఆ కొసకు తీసుకొచ్చారు.

నిజామాబాద్ జిల్లా బోధన్ టీచరమ్మ ఒకావిడ, నెల్లూరులో చిక్కుకున్న కొడుకు కోసం స్కూటీ మీద ఒంటరిగా వెళ్లి వెంటబెట్టుకుని వచ్చింది. రానూపోనూ 1400 కిలోమీటర్లు. రొట్టెలు మూటకట్టుకుని, పోలీసులకు అనుమతి పత్రం చూపిస్తూ, రాత్రిళ్లు ఖాళీ రోడ్డు మీద నడిపింది.

మే 1న వలస కార్మికుల కోసం దేశంలోనే మొదటి శ్రామిక్ రైలు కదిలింది మన లింగంపల్లి నుంచే. జార్ఖండ్‌లోని హటియాకు, సుమారు 1200 మందితో. కాలినడకన పోయినవాళ్ల సంఖ్యతో పోలిస్తే ఆ రైలు చిన్నదే. కానీ అది కదలడానికి నెల పైగా ఎందుకు పట్టిందన్న ప్రశ్న నాకు ఇప్పటికీ ఉంది.

పండుగలన్నీ మానేశారా?

ఏ పండుగా తన తిథి తప్పలేదు. జనం రాలేదు, అంతే తేడా.

ఏప్రిల్ 2న భద్రాచలంలో సీతారాముల కల్యాణం భక్తులు లేకుండా ఆలయంలోనే జరిగింది. మా ఉమ్మడి ఖమ్మం జిల్లావాళ్లకు ఇది ఎంత పెద్ద సంగతో బయటివాళ్లకు తెలియదు. మిథిలా స్టేడియంలో చోటు కోసం తెల్లవారకముందే వెళ్లి కూర్చునే మా పెద్దమ్మ ఆ రోజు టీవీ ముందు చాప వేసుకుని, తలంబ్రాల ఘట్టం వచ్చినప్పుడు తన దగ్గరున్న అక్షింతలు దేవుడి పటం మీద వేసి ఏడ్చింది. తిరుమలలో మార్చి 20 నుంచి భక్తుల దర్శనం ఆపేశారు. జూన్ 8న మొదట సిబ్బందితో మొదలుపెట్టి, 11 నుంచి అందరినీ కొద్దికొద్దిగా పంపించారు. అధికమాసం వచ్చినందున ఆ ఏడాది బ్రహ్మోత్సవాలు రెండుసార్లు, రెండూ ఏకాంతంగానే.

రంజాన్‌కు హైదరాబాద్‌లో హలీం బట్టీలు వెలగలేదు. ఈద్ నమాజు ఇళ్లలోనే చదివారు. ఆషాఢంలో బోనాలు ఇంట్లోనే వండి, వాకిట్లో నుంచే అమ్మవారికి మొక్కారు. ఖైరతాబాద్ గణపతి అంతకుముందు ఏడాది 61 అడుగులు, ఆ ఏడాది 9 అడుగులు. మామూలుగా బతుకమ్మ మొదలయ్యే పెత్రమాస (మహాలయ అమావాస్య) సెప్టెంబరు 17న వస్తే, అధికమాసం వల్ల సద్దుల బతుకమ్మ నెల దాటి అక్టోబరు 24న వచ్చింది. గునుగు పువ్వు, తంగేడు పువ్వు ఎప్పటిలాగే విరగబూశాయి. అపార్టుమెంటు మేడల మీద నలుగురైదుగురు ఆడవాళ్లు దూరం దూరంగా తిరుగుతూ పాడారు. నవంబరు 20న తుంగభద్ర పుష్కరాలు మొదలయ్యాయి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నదిలో మునకలు వద్దంది, కర్నూలు ఘాట్లలో జల్లు స్నానాలకే ఏర్పాట్లు చేసింది.

భక్తికి లోటు రాలేదు. లోటు వచ్చింది గుంపు మీద బతికేవాళ్లకు. డప్పు కొట్టేవాళ్లు, బ్యాండు మేళం, పందిరి వేసేవాళ్లు, వంట మాస్టర్లు, ఫోటోగ్రాఫర్లు, జాతరలో రంగులరాట్నం తిప్పేవాళ్లు. పెళ్లికి 50 మందే అన్నారు. వేసవి ముహూర్తాలు పోతే వీళ్లకు ఏడాది ఆదాయం పోయినట్టే. శ్రావణంలో జరిగిన పెళ్లిళ్లలో వంట మాస్టరు ఒక్కడే వచ్చి వండి వెళ్లాడు, ఆయన వెనకాల వచ్చే పదిమంది సహాయకులు రాలేదు.

వానాకాలం ఎలా గడిచింది?

వర్షాలు బాగా పడ్డాయి, అవసరానికి మించి. ఆగస్టు నడిమి వారంలో భద్రాచలం దగ్గర గోదావరి 60 అడుగులు దాటింది. మూడో ప్రమాద హెచ్చరిక 53 అడుగులకే ఇస్తారు. లోతట్టు ఊళ్లవాళ్లను పునరావాస కేంద్రాలకు తరలించారు. మనిషికీ మనిషికీ ఆరడుగులు అని చెప్పిన నోటితోనే ఒక్క బడి గదిలో ఇన్ని కుటుంబాలు అని సర్దాల్సి వచ్చింది.

అక్టోబరు 13 రాత్రి హైదరాబాద్‌ను వాన ముంచింది. ఘట్‌కేసర్ వైపు 32 సెంటీమీటర్లు పడింది. చెరువుల కట్టలు తెగి కాలనీల్లోకి నీళ్లొచ్చాయి, ఎన్నో ప్రాణాలు పోయాయి. నాలుగు రోజులకే మళ్లీ కుండపోత. నవంబరు చివర్లో నివర్ తుపాను నెల్లూరు, చిత్తూరు, కడప జిల్లాలను తడిపి, కోతకొచ్చిన వరిని పడుకోబెట్టింది. ఆ ఏడాది రైతుకు కరోనా ఒక్కటే కష్టం కాదు.

పెద్ద ఆటలు ఎప్పుడు ఆగాయి, ఎప్పుడు మళ్లీ మొదలయ్యాయి?

మార్చి 12న ధర్మశాలలో దక్షిణాఫ్రికాతో వన్డే వానకు కొట్టుకుపోయింది, మిగతా రెండు వన్డేలు రద్దు చేశారు. మార్చి 24న టోక్యో ఒలింపిక్స్‌ను ఏడాది వాయిదా వేశారు. ఏప్రిల్ 1న వింబుల్డన్ రద్దు, రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అదే మొదటిసారి. మార్చి 29న మొదలవ్వాల్సిన ఐపీఎల్ నిరవధికంగా ఆగింది.

జులై 8న సౌతాంప్టన్‌లో ఇంగ్లాండ్, వెస్టిండీస్ టెస్టుతో క్రికెట్ తిరిగి వచ్చింది. స్టాండ్లు ఖాళీ. బంతికి ఉమ్మి రాయకూడదని ఐసీసీ నిబంధన పెట్టింది, చెమట రాసుకోవచ్చు. చిన్నప్పటి నుంచి ఉమ్మి రాసి ప్యాంటుకు రుద్దే బౌలర్లకు ఆ అలవాటు మానుకోవడం ఎంత కష్టమో, వీధుల్లో మా పిల్లల్ని చూస్తేనే తెలిసేది.

ఐపీఎల్ దుబాయ్‌లో ఆడితే మనకేం తేడా? టీవీలో అంతే కదా?

చూసేవాళ్లకు పెద్ద తేడా లేదు. సెప్టెంబరు 19 నుంచి నవంబరు 10 వరకు దుబాయ్, అబుదాబి, షార్జాలలో ఆడారు. జనం అరుపులు రికార్డు చేసి వినిపించారు. వేసవి సెలవుల్లో రావలసిన టోర్నీ బతుకమ్మ రోజుల్లో, హైదరాబాద్ వరదల్లో వచ్చింది.

మొదటి మ్యాచ్‌లోనే గుంటూరు కుర్రాడు అంబటి రాయుడు 71 కొట్టి చెన్నైని గెలిపించాడు. సన్‌రైజర్స్ చివరి లీగ్ మ్యాచ్‌లో ముంబయిని 10 వికెట్లతో ఓడించి ప్లేఆఫ్స్‌లోకి వచ్చింది, ఎలిమినేటర్‌లో బెంగళూరును దాటింది, తర్వాత ఢిల్లీ చేతిలో 17 పరుగులతో ఓడి మూడో స్థానంలో ఆగింది. నాకు అన్నిటికన్నా నచ్చింది అక్టోబరు 21. బెంగళూరు తరఫున మహమ్మద్ సిరాజ్ కోల్‌కతా మీద 8 పరుగులకు 3 వికెట్లు తీశాడు. వరుసగా రెండు మెయిడెన్లు, అంటే పరుగు ఇవ్వని ఓవర్లు. ఐపీఎల్‌లో ఒకే మ్యాచ్‌లో రెండు మెయిడెన్లు వేసిన మొదటి బౌలర్ అతనే. అప్పటిదాకా అతన్ని ఎగతాళి చేసిన నోళ్లు ఆ రాత్రి మూతపడ్డాయి.

తేడా పడింది ఉప్పల్‌లో. మ్యాచ్ ఉన్న రోజు జెండాలు, టోపీలు, బుగ్గలకు రంగులు అమ్మేవాళ్లు, మెట్రో స్టేషన్ నుంచి స్టేడియం దాకా మొక్కజొన్న కంకులు కాల్చేవాళ్లు, పార్కింగ్ కుర్రాళ్లు. టోర్నీ ఎడారి దేశానికి పోతే వీళ్ల సీజను కూడా దానితోనే పోయింది. మెట్రో కూడా మార్చి 22 నుంచి సెప్టెంబరు 7 దాకా నడవలేదు.

సిరాజ్ నాన్న చనిపోయినా రాలేదని అంటారు, నిజమేనా?

రాలేదు అనడం న్యాయం కాదు. ఏం జరిగిందో పూర్తిగా చెబుతాను.

సిరాజ్‌ది హైదరాబాద్. తండ్రి మహమ్మద్ గౌస్ ఆటో నడిపి కొడుకును క్రికెటర్‌ని చేశాడు. ఐపీఎల్ ముగియగానే భారత జట్టు దుబాయ్ నుంచి నేరుగా ఆస్ట్రేలియా వెళ్లి సిడ్నీలో క్వారంటైన్‌లో ఉంది. నవంబరు 20న తండ్రి కన్నుమూశారు. బోర్డు ఇంటికి వెళ్తావా అని అడిగింది. వెళ్తే ప్రయాణం, మళ్లీ క్వారంటైన్, సిరీస్ చేజారినట్టే. దేశానికి ఆడాలన్నది నాన్న కల అని సిరాజ్ ఉండిపోయాడు. తల్లి కూడా అలాగే ధైర్యం చెప్పింది. గదిలోంచి బయటికి రానివ్వని రోజులవి. తోటివాళ్లు వీడియో కాల్‌లో ఓదార్చారు.

డిసెంబరు 26న మెల్‌బోర్న్‌లో తన తొలి టెస్టు ఆడాడు, మ్యాచ్‌లో 5 వికెట్లు. సిడ్నీలో ప్రేక్షకుల నుంచి జాతి దూషణలు వచ్చాయి, అంపైర్లకు చెప్పాడు, ఆట ఆపి కొంతమందిని బయటికి పంపారు. అదే సిడ్నీ టెస్టు చివరి రోజు, జనవరి 11న, కాకినాడలో పుట్టిన హనుమ విహారి తొడ కండరం పట్టేసి పరుగెత్తలేని స్థితిలో 161 బంతులు ఎదుర్కొని 23 పరుగులతో నిలిచాడు. అవతల అశ్విన్ 128 బంతులు. మ్యాచ్ డ్రా. ఆ 161 బంతుల్ని మా పిల్లలకు పాఠంగా చెబుతాను: ముందు కాలు కదలకపోతే బంతిని ఎంత ఆలస్యంగా, ఎంత శరీరానికి దగ్గరగా ఆడాలో విహారి చూపించాడు. పరుగులు చూసి ఆటను కొలిచేవాళ్లకు అది కనిపించదు.

కనుమ రోజు బ్రిస్బేన్‌లో నాలుగో టెస్టు మొదలైంది. తెల్లవారుజామున ఐదున్నరకు లేచి, పండుగ అరిసెలు నములుతూ చూశాం. గాయాలతో సగం జట్టు లేదు. మూడో టెస్టు ఆడుతున్న సిరాజే బౌలింగ్‌కు పెద్దదిక్కు. రెండో ఇన్నింగ్స్‌లో 73 పరుగులకు 5 వికెట్లు. జనవరి 19న భారత్ 3 వికెట్లతో గెలిచి సిరీస్ 2-1తో అందుకుంది. హైదరాబాద్‌లో విమానం దిగి సిరాజ్ ఇంటికి కూడా వెళ్లకుండా నేరుగా శ్మశానానికి, తండ్రి సమాధి దగ్గరికి వెళ్లాడు.

బ్యాడ్మింటన్, చదరంగం సంగతి?

పీవీ సింధు మార్చిలో ఆల్ ఇంగ్లాండ్ క్వార్టర్ ఫైనల్లో ఒకుహారా చేతిలో ఓడి తిరిగి వచ్చింది. ఆ తర్వాత నెలల పాటు టోర్నీలే లేవు. హైదరాబాద్‌లో జాతీయ శిబిరం ఆగస్టులోగానీ మొదలవ్వలేదు. 2021 జనవరిలో థాయిలాండ్‌లో మళ్లీ కోర్టులోకి దిగి మొదటి రౌండ్లోనే ఓడింది. అదే సింధు ఆ ఆగస్టు 1న టోక్యోలో కాంస్యం గెలిచింది. వాయిదా పడిన ఏడాది ఆమెకు అందొచ్చింది.

చదరంగానికి హాలు అక్కర్లేదు కాబట్టి అది ఇంటర్నెట్‌కు మారింది. ఆగస్టులో ఆన్‌లైన్ ఒలింపియాడ్ పెట్టారు. మన కోనేరు హంపి, ద్రోణవల్లి హారిక, పెంటేల హరికృష్ణ భారత జట్టులో ఉన్నారు. పోలాండ్‌తో సెమీఫైనల్ సమమైతే టైబ్రేక్ గేములో హంపి గెలిచి జట్టును ఫైనల్‌కు తీసుకెళ్లింది. రష్యాతో ఫైనల్లో ఇంటర్నెట్ తెగిపోయి ఇద్దరు భారత ఆటగాళ్లు టైమ్ మీద ఓడారు. భారత్ అభ్యంతరం చెప్పాక ఆగస్టు 30న ఇరుజట్లనూ విజేతలుగా ప్రకటించారు.

మరి పిల్లలు ఏం ఆడారు?

మేడ మీద క్రికెట్. వన్ పిచ్ క్యాచ్ పడితే ఔట్, గోడ దాటితే ఔట్, పక్కింటి వాటర్ ట్యాంకుకు తగిలితే రెండు పరుగులు. బ్యాటు లేకపోతే బట్టలుతికే చెక్క. అటక మీది నుంచి పాత ఆటలు దిగాయి: అష్టాచెమ్మా, పచ్చీసు, వైకుంఠపాళి, చింతగింజలతో వామనగుంటలు. గవ్వలు లేకపోతే చింతగింజల్ని ఒకవైపు అరగదీసి గవ్వలుగా వాడారు. అరగదీసిన వైపు తెల్లగా, ఇంకోవైపు నల్లగా ఉంటుంది కదా, అదే లెక్క. ఈ ఆటల్లో అమ్మమ్మలు, నాయనమ్మలు గెలిచారు. బడి పెట్టే ఏ పోటీలోనూ వాళ్లకు చోటుండదు, వేళ్ల మీద లెక్క పెట్టకుండా పందెం చూడగానే కాయ ఎక్కడికి కదపాలో చెప్పేవారు.

పల్లెల్లో పిల్లలు చెరువుల్లో ఈత నేర్చుకున్నారు. అది మంచిదే, కానీ పెద్దవాళ్లు తోడు లేని చోట ప్రాణాలు పోయాయి. పట్నాల్లో ఫోన్ ఆటలు పెరిగాయి. సెప్టెంబరు 2న పబ్జీని నిషేధించినప్పుడు తల్లిదండ్రులు ఊపిరి పీల్చుకున్నారు. నేను సంతోషించలేదు. ఆ ఆట పోతే ఇంకోటి వస్తుంది, మైదానం గేటుకు తాళం తీయనంతకాలం.

బడులు లేకుండా చదువు, డ్రిల్లు ఎలా జరిగాయి?

పదో తరగతి పరీక్షలు తెలంగాణలో మధ్యలో ఆగిపోయి జూన్ 8న, ఆంధ్రప్రదేశ్‌లో మొదలవ్వకుండానే జూన్ 20న రద్దయ్యాయి. అందరూ పాస్. సెప్టెంబరు 1 నుంచి దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ చానళ్లలో పాఠాలు వచ్చాయి. ఇంటికి ఒకే ఫోను, ఇద్దరు ముగ్గురు పిల్లలు. అన్నకు క్లాసు ఉంటే చెల్లికి లేదు. ఏజెన్సీ ఊళ్లలో సిగ్నల్ కోసం గుట్టలెక్కారు.

డ్రిల్లు ఫోన్లో చెప్పడానికి నేనూ ప్రయత్నించాను. సూర్య నమస్కారాలు, స్కిప్పింగ్ వరకు సరే. కబడ్డీలో పట్టు ఎలా బిగించాలో ఫోన్లో చూపించలేం.

నేను అప్పుడు పనిచేసిన ప్రైవేటు బడిలో మొదట జీతం ఆగింది ఆటల మాస్టర్లకే. లెక్కల సారుకు సగం ఇచ్చారు, మాకు ఏమీ లేదు. ఆటలు లేనప్పుడు నువ్వెందుకు అన్నారు. ప్రైవేటు టీచర్లు చాలామంది కూరగాయలు అమ్మారు, ఉపాధి హామీ పనికి పలుగూ పారా పట్టుకుని వెళ్లారు. ప్రభుత్వం నెలకు 2000 రూపాయలు, 25 కిలోల బియ్యం ఇస్తామని ప్రకటించింది 2021 ఏప్రిల్‌లో, అప్పటికి ఏడాది గడిచిపోయింది.

టీవీ ముందు అందరూ ఏడ్చిన రోజు ఒకటుందట?

సెప్టెంబరు 25. ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం చెన్నై ఆసుపత్రిలో కన్నుమూశారు. ఆగస్టు మొదట్లో చేరారు, మధ్యలో కోలుకుంటున్నారని వార్త వచ్చి ఆశపడ్డాం. ఆ సాయంత్రం మా వీధిలో ప్రతి ఇంట్లో ఆయన పాటే మోగింది, ఇంటికో పాట.

ఒలింపిక్స్‌కు వాయిదా ఇచ్చారు కదా, పిల్లల ఆటలకు ఎందుకు ఇవ్వలేదు?

ఇది నేను జవాబు ఇవ్వాల్సిన ప్రశ్న కాదు, అందరం కలిసి అడగాల్సిన ప్రశ్న.

రంజీ ట్రోఫీ 1934-35లో మొదలయ్యాక మొదటిసారి 2020-21లో జరగలేదు. ఆ ఆటగాళ్లకు బోర్డు తర్వాత 2021 సెప్టెంబరులో నష్టపరిహారం ప్రకటించింది: అంతకుముందు సీజన్ మ్యాచ్ ఫీజులో అదనంగా సగం. ప్రో కబడ్డీ 2020లో ఆగి 2021 డిసెంబరులో బెంగళూరులో మొదలైంది. పెద్దవాళ్ల ఆటకు ఎలాగో ఒక దారి దొరికింది.

బడి పిల్లల ఆటలు అండర్ 14, అండర్ 17 అని వయసు కట్టి ఆడిస్తారు. ఆ ఏడాది మండల పోటీలు లేవు, జిల్లా లేదు, రాష్ట్రం లేదు. ఫిబ్రవరిలో బడి తెరిచి మార్చి 24కు మళ్లీ మూశారు. నా దగ్గర ఒక కబడ్డీ అమ్మాయి ఉండేది, కూలీల బిడ్డ, ఎడమ కాలి పట్టు ఆమెలా పట్టేవాళ్లు జిల్లాలోనే తక్కువ. ఆమెకు అండర్ 17లో చివరి ఏడాది అదే. రాష్ట్ర పోటీల సర్టిఫికెట్ ఉంటే స్పోర్ట్స్ కోటాలో కాలేజీ సీటు వచ్చేది. 2021లో మళ్లీ ఆటలు మొదలయ్యేసరికి ఆమెకు వయసు దాటింది, పెళ్లి కూడా అయింది. ఇలాంటి పిల్లలు ప్రతి మండలంలో ఉన్నారు, వాళ్ల పేర్లు ఏ జాబితాలోనూ లేవు.

అప్పుడే ఒక్క ఏడాది వయసు సడలింపు ఇచ్చి ఉంటే సరిపోయేది. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో 23 ఏళ్ల పరిమితిని ఆ ఒక్కసారికి 24 చేశారు, ఏడాది వాయిదా పడింది కాబట్టి. అంత పెద్ద పోటీకి కుదిరింది, మండల కబడ్డీకి కుదరలేదు. ఇప్పుడైనా చేయగలిగింది ఉంది: పోలీసు, అటవీ శాఖ ఉద్యోగాల్లో, వ్యాయామ విద్య కోర్సుల్లో స్పోర్ట్స్ కోటా చూసేటప్పుడు 2020-21 ఖాళీని లెక్కలోకి తీసుకోవాలి, ఆ ఏడాదికి ముందరి జిల్లా స్థాయి సర్టిఫికెట్‌కు విలువ ఇవ్వాలి. మీ ఊళ్లో అలాంటి అబ్బాయిగానీ అమ్మాయిగానీ ఉంటే 2019 నాటి సర్టిఫికెట్లు పారేయకుండా దాచుకోమని చెప్పండి, ఆడిన మ్యాచ్‌ల స్కోరుషీట్లు పాత పీఈటీల దగ్గర ఉంటే నకళ్లు తీసుకోమనండి.